లోపం పట్టాలో ఉందా? అసైన్డ్ భూములు, రియల్ ఎస్టేట్, దళితులు

హైదరాబాదు చుట్టుపక్కల గానీ, గుంటూరు విజయవాడల మధ్య గానీ, విశాఖ శివార్లలో గానీ ప్లాట్లు అమ్మే బోర్డుల మీద ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: 'క్లియర్ టైటిల్'. అంత పెద్ద అక్షరాలతో ఆ మాట రాయాల్సి వచ్చిందంటే ఈ వ్యాపారంలో క్లియర్‌గా లేని టైటిళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించుకోవచ్చు. భూమి మీద పెట్టుబడి పెట్టేవాళ్లు లోపాలున్న భూముల జాబితా ఒకటి కంఠస్థం చేసుకుని ఉంటారు. లింకు డాక్యుమెంట్లు లేనివి, వారసుల తగాదాలున్నవి, చెరువు శిఖం, వక్ఫ్, దేవాదాయ, భూదాన్, సీలింగ్ మిగులు, అసైన్డ్. ఈ జాబితాలో అసైన్డ్ భూమి గురించి మాత్రమే ఈ వ్యాసంలో మాట్లాడదల్చుకున్నాం. ఎందుకంటే మార్కెట్టు దేన్ని 'లోపం' అంటున్నదో అది మన తాతముత్తాతలకు ఈ దేశంలో భూమి దొరికిన ఒకే ఒక్క రూపం.

మా ప్రశ్నలు మూడు. ఈ లోపాన్ని ఎవరు పుట్టించారు? దాని వల్ల వచ్చే నష్టం ఎవరి మీద పడింది? ఆ లోపం పోయిన రోజున లాభం ఎవరి చేతికి పోయింది? న్యాయశాస్త్రం పుస్తకాల్లో ఇది టైటిల్ సమస్య. మాలపల్లెకూ మాదిగవాడకూ ఇది నూటపాతికేళ్లకు పైబడిన చరిత్ర.

షరతుతో పుట్టిన హక్కు

మద్రాసు ప్రెసిడెన్సీలో అంటరాని కులాలకు భూమి ఎందుకు లేదన్న ప్రశ్నను ప్రభుత్వ కాగితాల్లోకి గట్టిగా తెచ్చినవాడు చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్. 1891లో ఆయన ఇచ్చిన నివేదిక ఆ జిల్లాలోని పరయల పరిస్థితి గురించి. అది తమిళ ప్రాంతమే. కానీ కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు అదే రెవెన్యూ వ్యవస్థ కింద ఉన్నాయి గనక మనకూ సంబంధించిందే. బంజరు భూమి కోసం అంటరానివాడు దరఖాస్తు పెట్టుకుంటే ముందు మిరాసీదార్లను అడగాలి, వాళ్లకే మొదటి హక్కు. అంటే భూమి ఖాళీగా పడి ఉన్నా సరే, సాగు చెయ్యడానికి చేతులున్నా సరే, ఊళ్లో పెద్దకులం ఒప్పుకుంటేనే పట్టా. పాలేరు రైతయితే తమ పొలం ఎవరు దున్నుతారన్నది వాళ్ల బాధ. 1892లో మద్రాసు ప్రభుత్వం ఈ నివేదిక మీద ఉత్తర్వులిచ్చింది. తర్వాత 1919-20 కాలంలో లేబర్ కమిషనర్ని పెట్టి అణగారిన కులాలకు భూములివ్వడం ఒక ప్రభుత్వ కార్యక్రమం అయింది.

ఆ భూములిచ్చేటప్పుడే షరతులు వచ్చాయి. ఇతర కులాలవాళ్లకు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. షరతు వెనకాల ఉన్న ఆలోచన అర్థం చేసుకోదగిందే. అప్పులో ముంచి, ముంత కల్లుకో పెళ్లి ఖర్చుకో వేలిముద్ర వేయించుకుని భూమి లాక్కోవడం అప్పటికే మామూలు. దాన్ని ఆపాలని షరతు పెట్టారు. అయితే లాక్కునేవాడి చేతికి సంకెళ్లు వెయ్యకుండా, పోగొట్టుకునేవాడి పట్టాలో ఒక వాక్యం చేర్చారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగిన కథంతా అక్కడి నుంచే నడిచింది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు, ఫలితం మాత్రం దగ్గరదగ్గర ఒకటే. సర్కారీ భూమి సాగుకిచ్చే పద్ధతిని లావోణి అన్నారు. 1950లో లావోణి రూల్స్ వచ్చాయి. ఈనాటికీ తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్లు 'లావోణి పట్టా' అనే అంటారు. రాయలసీమలో 'డీకేటీ పట్టా' అంటారు. కోస్తాలో 'డి ఫారం పట్టా' అంటారు. పేర్లు మూడు, మనుషులు ఒకటే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం దేశమంతా మారుమోగింది. ఆ భూదాన్ భూములు కూడా అమ్మకూడనివే. నగరం పెరిగినకొద్దీ వాటి మీదా వివాదాలు పెరిగాయి.

రెండు తేదీలను యువ పరిశోధకులు తప్పకుండా నోట్ చేసుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142, తెలంగాణలో 1958 జూలై 25 నాటి జీవో 1406. ఈ తేదీల తర్వాత నిరుపేదలకు ఇచ్చిన ప్రభుత్వ భూములు వారసత్వంగా అనుభవించవచ్చు గానీ అమ్మకూడదన్న షరతు సాధారణ నియమం అయింది. అంతకుముందు ఇచ్చిన చాలా పట్టాల్లో ఈ షరతు లేదు. అణగారిన కులాలకు ప్రత్యేకంగా ఇచ్చినవి మాత్రం అప్పటికే షరతుతో ఉన్నాయి. ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. పాత కాలంలో దరఖాస్తు పెట్టుకుని భూమి పొందగలిగిన పలుకుబడిగల కులాల పట్టాలు మార్కెట్టు దృష్టిలో 'క్లీన్' అయ్యాయి. ఆలస్యంగా, పోరాడి, కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్న మన పట్టాలు 'డిఫెక్టివ్' అయ్యాయి.

1977 చట్టం: ఏం చెప్పింది, ఏం చెయ్యలేదు

ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల (బదిలీల నిషేధ) చట్టం 1977 జనవరి 21న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన 9వ చట్టం. రెవెన్యూ ఆఫీసుల్లో, కోర్టుల్లో దీన్ని పీఓటీ చట్టం అంటారు. చదివితే చాలా గట్టి చట్టమే. అసైన్డ్ భూమిని అమ్మినా, దానం రాసినా, లీజుకిచ్చినా, తాకట్టు పెట్టినా ఆ బదిలీ చెల్లదు. చట్టం రాకముందు జరిగిన బదిలీలు కూడా చెల్లవు. రిజిస్ట్రేషన్ అధికారులు అలాంటి దస్తావేజులు తీసుకోకూడదు. కొన్నవాడిని ఖాళీ చేయించి భూమిని అసలు అసైనీకి గానీ అతని వారసులకు గానీ తిరిగి ఇవ్వాలి. అది వీలుకాకపోతే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి. నేరం చేసి భూమి సంపాదించినవాడికి ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ.

ఇటువంటి చట్టం రాజ్యాంగబద్ధమేనా అన్న చర్చ సుప్రీంకోర్టు దాకా పోయింది. కర్ణాటక 1978లో ఎస్సీ, ఎస్టీలకిచ్చిన భూముల బదిలీని నిషేధిస్తూ చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1984లో సమర్థించింది. బలహీనుడి నుంచి బలవంతుడు షరతు తెలిసి కొన్న భూమిలో అతనికి గట్టి హక్కు పుట్టదు, ఎప్పుడైనా రద్దయ్యే హక్కే అతనికొచ్చింది అని దాని సారాంశం. కాబట్టి న్యాయసూత్రం మనవైపే ఉంది. మరి భూములెందుకు పోయాయి?

చట్టంలోనే రెండు చిన్న తలుపులున్నాయి. చట్టం రాకముందు మంచి విశ్వాసంతో, తగిన ప్రతిఫలం ఇచ్చి కొన్న 'భూమిలేని నిరుపేద'కు మినహాయింపు ఇచ్చారు. రెండున్నర ఎకరాల తరి లేదా ఐదెకరాల ఖుష్కికి మించి లేనివాడు ఈ నిర్వచనంలోకి వస్తాడు. నిజంగా నిరుపేద కొన్న సందర్భాలుంటాయి, కాదనం. కానీ దొర భూమి పాలేరు పేరు మీద ఉండటం మన ఊళ్లకు కొత్తా? రెండో తలుపు తాకట్టుది. బ్యాంకుకు, సహకార సంఘానికి, ప్రభుత్వ సంస్థలకు తాకట్టు పెట్టడాన్ని చట్టం నిషేధించలేదు. అప్పు పుట్టాలి గనక ఆ వెసులుబాటు అవసరమే. కానీ అప్పు తీరక భూమి వేలానికి వస్తే పాడుకునేవాడెవడు? సహకార సంఘం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలు చట్టం వేసుకోలేదు.

మూడోది తలుపు కూడా కాదు, గోడే లేదు. చట్టాన్ని అమలు చెయ్యాల్సింది తహసీల్దారు. ఆయనకు రికార్డు ఇచ్చేది 1985కి ముందు గ్రామ కరణం, పట్వారీ. ఆ మిరాశీ పదవులు ఏ కులాలవో చెప్పనక్కర్లేదు. 1980ల నడిమి దాకా అసైన్డ్ భూమి ఎవరి సాగులో ఉందో రాసే కలమూ, ఆ భూమిని ఆక్రమించిన చెయ్యీ ఒకే ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉండేవి.

మార్కెట్టు లోపాన్ని ఎట్లా 'మేనేజ్' చేస్తుంది

భూమి సాగుకోసం లాక్కున్న కాలంలో ఆక్రమణదారుకు కాగితం పెద్దగా అవసరం లేకపోయింది. భయం చాలేది. 1990ల తర్వాత నగరాలు పెరిగాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు తిరిగింది. గుట్టలు, రాళ్లు, పల్లం అని మనకిచ్చిన భూములే ఊరి అంచుల్లో, రోడ్ల పక్కన తేలాయి. అప్పుడు భయంతో పాటు కాగితం కూడా కావలసి వచ్చింది. ఆ కాగితం తయారుచేసే పద్ధతులు ఇవి.

మొదటిది అగ్రిమెంటు. రిజిస్ట్రేషన్ కాదు గనక స్టాంపు కాగితం మీదో తెల్లకాగితం మీదో రాతకోతలు. కుటుంబంలో అందరి వేలిముద్రలు, కొన్ని ఖాళీ కాగితాల మీద కూడా. ఒరిజినల్ పట్టా, పాస్‌బుక్కు కొన్నవాడి బీరువాలోకి పోతాయి. రేపు అసైనీ ఎదురు తిరిగితే అతని దగ్గర నకలు కూడా ఉండదు.

రెండోది జీపీఏ. అమ్మకుండానే అన్ని అధికారాలూ రాయించుకోవడం. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి కుట్టినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. మామూలు భూమికే కాకపోతే బదిలీయే నిషేధించిన భూమికి ఎట్లా అవుతుంది?

మూడోది రికార్డు. పహాణీలో, అడంగల్‌లో 'అసైన్డ్', 'సర్కారీ', 'పోరంబోకు' అన్న మాట ఒక ఏడాది ఉంటుంది, కొన్నేళ్లకు ఉండదు. ఆ మాట ఎవరు కొట్టేశారో ఫైలు దొరకదు. దస్తరం కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడల్లా ఈ మాయకు మరో అవకాశం వచ్చింది. 2020లో తెలంగాణలో ధరణి తెచ్చినప్పుడు, 2025లో దాని స్థానంలో భూభారతి తెచ్చినప్పుడు కూడా అసలు ప్రశ్న ఒకటే: పాత రిజిస్టరులో ఉన్న పేదవాడి పేరు కొత్త తెర మీదికి ఎక్కిందా లేదా?

నాలుగోది కలపడం. పక్కనున్న పట్టా భూమి కొంటారు, దాని సర్వే నంబరు మీద పర్మిషన్ తెస్తారు. ప్రహరీ మాత్రం అసైన్డ్ భూమిని కూడా కలుపుకుని కడతారు. రోడ్డు ఎక్కడ, పార్కు ఎక్కడ, ప్లాటు ఎక్కడ అనేది కొన్నవాడికి తెలియదు.

ఐదోది ఓపిక. ఇది అన్నిటికన్నా బలమైనది. ఇవాళ లోపమున్న భూమి రేపు క్రమబద్ధీకరణలో మంచిదవుతుందని నమ్మి కూర్చోవడం. ఈ నమ్మకం గాలిలోంచి రాలేదు.

జరుగుతూ వచ్చిన తేదీ

1977 చట్టం కొన్న నిరుపేదను క్షమించడానికి పెట్టుకున్న గీత 1977 జనవరి 21. 2007లో చట్టాన్ని సవరించారు. 2007 జనవరి 29 నాటికి కొన్న భూమిలేని నిరుపేదకు, నోటిఫై చేసిన ప్రాంతాల్లో తప్ప, ఆ భూమిని తిరిగి అసైన్ చెయ్యవచ్చన్నారు. తర్వాత తెలంగాణ 2018లో ఆ గీతను 2017 డిసెంబరు 31కి జరిపింది. ఆంధ్రప్రదేశ్ 2023లో వేరే దారి పట్టింది: అసైన్ చేసి 20 ఏళ్లు దాటితే అసలు అసైనీకి లేదా వారసులకు పూర్తి యాజమాన్య హక్కు, అమ్ముకునే హక్కు. ఆ వెంటనే ఫ్రీహోల్డ్ పేరుతో అక్రమాలు జరిగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. 2024లో కొత్త ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది.

ప్రతి సవరణా నిరుపేద పేరు మీదే వచ్చింది. పేద కొనుగోలుదారుకు మేలు జరిగిన చోట్లు ఉన్నాయి, వాటిని మేము కాదనడం లేదు. కానీ తేదీ ఒకసారి జరిగితే మళ్లీ జరుగుతుందని వ్యాపారికి అర్థమవుతుంది. చట్టం ఉల్లంఘించినవాడు వేచి చూస్తే చాలు, చట్టమే అతని దగ్గరికి నడిచి వస్తుందన్న పాఠం 1977 నుంచి మార్కెట్టు నేర్చుకుంది.

దీని ఆర్థికం ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఊహకే అనుకుందాం. రోడ్డు పక్కన పట్టా భూమి ఎకరం 50 లక్షలుంది. దాని పక్కనే ఉన్న అసైన్డ్ ఎకరాన్ని 'నీ టైటిల్ సరిగా లేదు, ఎప్పుడైనా సర్కారు గుంజుకుంటది' అని భయపెట్టి 10 లక్షలకు రాయించుకున్నారు. ఆ 40 లక్షల తేడాను వ్యాపార భాషలో రిస్కు అంటారు. పదేళ్లకు ఆ లోపం సవరణతోనో, రికార్డు మార్పుతోనో పోయింది. భూమి అసలు ధరకు చేరింది. రిస్కు పేరుతో కోసుకున్న డబ్బు ఎవరిది? అమ్మిన మాదిగ కుటుంబానిది. లోపం పోయినందుకు వచ్చిన లాభం ఎవరిది? ఆఖర్న చేతిలో పట్టుకున్నవాడిది. నష్టాన్ని మొదటి అమ్మకంలోనే మనమీద వేసి, లాభాన్ని చివరి అమ్మకంలో వాళ్లు తీసుకున్నారు. అసైన్డ్ భూముల మీద జరిగిన రియల్ ఎస్టేట్ చరిత్ర అంతా ఈ నాలుగు వాక్యాల్లో ఉంది.

సర్కారే కొనుగోలుదారు అయినప్పుడు

ప్రైవేటు వ్యాపారి దగ్గరే ఇట్లా జరిగిందనుకుంటే పొరపాటు. ప్రాజెక్టులకు, పరిశ్రమలకు, ఉద్యోగుల కాలనీలకు భూమి కావలసినప్పుడు అధికారుల వేలు ముందు చూపించేది అసైన్డ్ భూమినే. షరతులో 'అవసరమైతే నష్టపరిహారం లేకుండా వెనక్కి తీసుకుంటాం' అని రాసి ఉంది గదా! పక్కనున్న పట్టాదారుకు భూసేకరణ చట్టం కింద మార్కెట్టు ధర, సొలేషియం, వడ్డీ. మధ్యలో గట్టు ఒక్కటే, ఇటువైపు మనకు ఏమీ లేదు.

1993 డిసెంబరులో జీవో 1307 ద్వారా అసైనీకి మార్కెట్టు ధరకు సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇస్తామన్నారు. సొలేషియం మాత్రం లేదు. హక్కుగా వచ్చేది పరిహారం, దయతో వచ్చేది ఎక్స్‌గ్రేషియా. ఈ మాటల తేడా మీద చేవెళ్ల డివిజన్ నుంచి పోయిన కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. పరిహారం లేకుండా తీసుకుంటామన్న షరతు చెల్లదని, ప్రజావసరం కోసం అసైన్డ్ భూమి తీసుకున్నప్పుడు పూర్తి యజమానికి ఇచ్చినట్టే మార్కెట్టు విలువ, చట్టంలోని ఇతర ప్రయోజనాలు ఇవ్వాలని ఆ తీర్పు సారాంశం. 2014 జనవరి నుంచి అమల్లోకొచ్చిన భూసేకరణ చట్టం కూడా ప్రభుత్వం భూమి అసైన్ చేసిన కుటుంబాలను బాధిత కుటుంబాల నిర్వచనంలో చేర్చింది.

ఇంత తీర్పు ఉండగానే 2015లో అమరావతి భూసమీకరణ వచ్చింది. పట్టా మెట్ట ఎకరానికి వెయ్యి చదరపు గజాల నివాస స్థలం, అసైన్డ్ మెట్ట ఎకరానికి 800 అన్నారు. వాణిజ్య స్థలంలోనూ తేడా పెట్టారు. ఒకే నేల, ఒకే పంట, ఒకే రాజధాని. తేడా ఎందుకంటే పట్టా రకం వేరట! అక్కడ అసైనీలు భయంతో తక్కువకు అమ్ముకున్నారన్న ఆరోపణల మీద తర్వాత కేసులు కూడా నడిచాయి. ఆ కేసుల రాజకీయం ఎట్లా ఉన్నా, మూలం మాత్రం పై లెక్కే. లోపం ఉందని ప్రభుత్వమే ప్రకటిస్తే ధర పడిపోతుంది. ధర పడిన చోట కొనేవాడు సిద్ధంగా ఉంటాడు.

ప్లాటు కొనే మనవాళ్లు

ఇప్పుడు కథలో ఇంకో మనిషి ఉన్నాడు. అతను టీచరు, క్లర్కు, సింగరేణి కార్మికుడు, గల్ఫ్ పోయొచ్చిన కూలీ. రిజర్వేషన్ వల్ల మొదటితరం ఉద్యోగం వచ్చిన దళితుడు కూడా. వెలివాడలో కాకుండా ఊరి మధ్యలో గౌరవంగా ఇల్లు కట్టుకోవాలన్న కోరికతో జీపీఎఫ్ లోను పెట్టి 150 గజాల ప్లాటు కొంటాడు. ఒక దళితుడి దగ్గర లాక్కున్న భూమిని ముక్కలు చేసి ఇంకో దళితుడికి అమ్మడం ఈ వ్యాపారంలో జరుగుతున్న దారుణం. కాబట్టి కొనుగోలుదారు చేతిలో చట్టం ఏమంటున్నదో కూడా చెప్పాలి.

ఒకటి, రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది, అమ్మినవాడికి హక్కుందని హామీ ఇవ్వదు. లేని హక్కును ఎన్ని చేతులు మార్చినా హక్కు పుట్టదు.

రెండు, ఈసీ నిల్ వచ్చిందని సంతోషపడొద్దు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తహసీల్దారు ఇచ్చిన డి ఫారం పట్టా, లావోణి పట్టా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు కాలేదు. అందుకే అసైన్డ్ భూమికి ఈసీ తెల్లగా ఉంటుంది. కొత్తవాడు దాన్ని శుభ్రమైన భూమి అనుకుంటాడు. పాత రికార్డు చూడాలి. ఆంధ్రలో రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత అడంగళ్లు. ఆ రిజిస్టరులో పేరు ఉండాల్సిన చోట చుక్కలుంటే అవి చుక్కల భూములు. వాటికి 2017లో ప్రత్యేక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీలు వరసగా చూడాలి. ఏ ఏడాది 'సర్కారీ' అన్న మాట మాయమయిందో అక్కడే కథ ఉంటుంది.

మూడు, నిషేధిత భూముల జాబితా. 2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి 22-ఏ సెక్షన్ చేర్చి ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ వంటి భూముల రిజిస్ట్రేషన్ ఆపారు. జాబితాలు తప్పుల తడకలు కావడంతో వాటిని ఎట్లా తయారుచెయ్యాలో 2015 డిసెంబరులో హైకోర్టు ఫుల్ బెంచ్ వివరంగా చెప్పింది. జాబితాలో లేదు గనక మంచిదే అనుకోలేం. ఉంది గనక చెడ్డదే అనుకోవడానికీ లేదు. పెద్దవాడు కోర్టుకు పోయి తన సర్వే నంబరు తీయించుకుంటాడు. సొంత పట్టా ఉన్న చిన్నరైతు కూతురి పెళ్లికి అరెకరం అమ్మబోతే ఆ జాబితా అడ్డం పడుతుంది.

నాలుగు, క్రిమినల్ బాధ్యత. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ప్రకారం దళితుడికి కేటాయించిన భూమిని ఇతర కులంవాడు అక్రమంగా ఆక్రమించడం, సాగు చెయ్యడం, బదిలీ చేయించుకోవడం, అతన్ని భూమి నుంచి వెళ్లగొట్టడం అత్యాచార నేరాలు. 2015 సవరణ వీటిని మరింత వివరంగా చెప్పింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. పెట్టుబడిదారు లాయరు టైటిల్ ఒపీనియన్ రాసేటప్పుడు పీఓటీ చట్టం రాస్తాడు, సీలింగు రాస్తాడు. ఈ చట్టం పేరు కూడా అక్కడ రాయించే రోజు తేవాలి. మన చేతిలో ఉన్న అతి పదునైన ఆయుధం ఇదే, మనం తక్కువగా వాడుతున్నదీ ఇదే.

అమ్ముకునే హక్కు కావాలా, వద్దా?

ఉద్యమంలో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. మొదటి పక్షం ఇట్లా అంటుంది: కమ్మ, రెడ్డి, వెలమ రైతు తన భూమి అమ్ముకుంటే ఎవరూ అడగరు, మాల మాదిగ అమ్ముకుంటే నేరమా? మనం మైనర్లమా? నిషేధం అమ్మకాన్ని ఆపలేదు, ధరను మాత్రం తగ్గించింది. పిల్లల చదువుకు, ఆస్పత్రికి అసలు ధర రావాలంటే షరతు ఎత్తెయ్యాలి. రెండో పక్షం అంటుంది: షరతు ఎత్తేసిన మరునాడు ఉన్న కాస్త భూమీ పోతుంది. కాగితం మీద నిషేధం ఉంది గనకనే ఇవాళ మనం కేసు వెయ్యగలుగుతున్నాం.

ఇద్దరి వాదనలోనూ నిజముంది. అంబేద్కర్ ఈ సమస్యను వేరే వైపు నుంచి చూశారు. 1942లో నాగపూర్ అఖిల భారత షెడ్యూల్డు కులాల మహాసభ ప్రభుత్వ బంజర్ల మీద దళితులకు వేరే ఊళ్లు కావాలని అడిగింది. 1947లో ఆయన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో వ్యవసాయ భూమి రాజ్యానిదై, సమష్టిగా సాగు కావాలని ప్రతిపాదించారు. రెండెకరాల రాళ్ల నేల ఒంటరి కుటుంబానికిచ్చి, ఊరంతా శత్రువుగా ఉన్నచోట నిలదొక్కుకోమంటే అది నిలవదని ఆయనకు తెలుసు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో మనకు నేర్పింది కూడా ఇదే. భూమి లేనివాడి ఆత్మగౌరవం మీద దాడి తేలిక, దాడి భయం ఉన్నవాడి భూమి కాజెయ్యడం ఇంకా తేలిక.

మా అభిప్రాయం ఇది. హక్కు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చే వరస తప్పు. ముందు తిరిగి అప్పగింత, ఆ తర్వాత పూర్తి హక్కు. భూమి వేరేవాడి ప్రహరీ లోపల ఉండగా అసైనీ పేరు మీద ఫ్రీహోల్డ్ ఇస్తే, అది ప్రహరీ కట్టినవాడికి ఇచ్చినట్టే. పాత అగ్రిమెంట్ల కింద ఉన్న వేలిముద్రలన్నీ ఆ రోజే ప్రాణం పోసుకుంటాయి. అందుకే ఏ ప్రభుత్వమైనా షరతు తీసేముందు ఊరూరా అసైన్డ్ భూముల్ని భౌతికంగా సర్వే చేసి, ఎవరి స్వాధీనంలో ఉందో గ్రామసభలో చదివి వినిపించాలి. 2004 డిసెంబరులో వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులు చేసింది. పేదల భూమి వాళ్ల స్వాధీనంలోనే ఉండేట్టు చూడటం ఆ నివేదిక ప్రధాన చింత. దాన్ని ఎవరూ తిరస్కరించలేదు, పూర్తిగా అమలూ చెయ్యలేదు.

చెయ్యగలిగిన పని

చదువుకున్న పిల్లలు ప్రతి వాడలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు. వాళ్లు చెయ్యగలిగిన పనులు కొన్ని చెబుతాం. ఊరి అసైన్‌మెంట్ రిజిస్టరు నకలు సమాచార హక్కు చట్టం, 2005 కింద తీసుకోండి. సర్వే నంబరు, అసైనీ పేరు, విస్తీర్ణం, ఇచ్చిన సంవత్సరం ఒక నోటుబుక్కులో రాయండి. దాని పక్కన ఇవాళ అక్కడ ఏముందో రాయండి: చేనా, చేపల చెరువా, వెంచరా, ఫాంహౌసా? ముసలివాళ్లు బతికి ఉండగానే హద్దులు అడిగి రాయించుకోండి. ఒరిజినల్ పట్టా ఎవరి చేతికీ ఇవ్వొద్దని, ఖాళీ కాగితం మీద వేలు పెట్టొద్దని ఇంటింటికీ చెప్పండి. ఆడవాళ్ల పేర్లు వారసత్వంలో ఎక్కాయో లేదో చూడండి. భర్త పోయాక భూమి జారిపోయే చోటు అదే. పీఓటీ చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు భూమిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం కాకుండా అసైనీకే తిరిగి అప్పగించాలని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే దొర చేతిలోంచి పోయిన భూమి సర్కారు చేతిలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

టైటిల్‌లో లోపం అంటున్నది ఒక వాక్యాన్ని. ఆ వాక్యం మన భూమిని కాపాడటానికి రాశారు. కాపాడాల్సిన అధికారి పని చెయ్యలేదు, భయపడాల్సిన ఆక్రమణదారు భయపడలేదు, చివరికి ఆ వాక్యం మన ధరను తగ్గించడానికి మాత్రమే పనికొచ్చింది. ఈ చరిత్రను రాయడమూ, దాని ఆధారాలతో తహసీల్ ఆఫీసు మెట్లెక్కడమూ రెండు వేరు పనులని మేము అనుకోవడం లేదు. ఒక్కో ఊరి నోటుబుక్కు తయారైతే, అది ఆ ఊరి దళితుల చరిత్ర మొదటి పేజీ అవుతుంది. కోర్టులో మొదటి సాక్ష్యం కూడా అదే అవుతుంది.